మనసుకి నలత చేస్తే

మా బీరువాలో ఒక నీలం ప్లాస్టిక్ ఫైలు ఉంది. మూడు ఈసీజీలు, ఒక టూడీ ఎకో, రెండు థైరాయిడ్ పరీక్షలు, గొంతులోంచి గొట్టం వేసి తీసిన ఎండోస్కోపీ బొమ్మలు, మధ్యలో ఎవరో రాసిన బలం బిళ్ళల చీటీలు. 2021 ఆగస్టు నుంచి 2023 ఫిబ్రవరి దాకా నేను తిరిగిన తిరుగుడంతా అందులో ఉంది. అన్ని కాగితాల కిందా ఒకటే మాట: నార్మల్. ఆ మాట చూసినప్పుడల్లా ఊరట కలగాల్సింది పోయి ఇంకా భయం వేసేది. ఏమీ లేకపోతే రాత్రి రెండింటికి గుండె ఎందుకు దడదడలాడుతోంది? ఫ్యాను కింద కూర్చున్నా అరచేతులు ఎందుకు తడుస్తున్నాయి? వీళ్ళకి దొరకని రోగమేదో లోపల దాక్కుందనుకునేదాన్ని. లోపల ఏదో ఉన్న మాట నిజమే. అది ఆ పరీక్షలకి దొరికేది కాదు.

నాది చింతలపూడి. దగ్గర్లో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. మావారికి ఆరెకరాల పామాయిల్ తోట, చెట్ల మధ్యన కోకో. అత్తయ్యగారు మాతోనే ఉంటారు. అమ్మాయికి పెళ్ళయి తాడేపల్లిగూడెంలో ఉంది. అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం, మోటారు సైకిలు మీద ఆఫీసుకి వెళతాడు. అప్పుల్లేవు, గొడవల్లేవు. "నీకేం తక్కువమ్మా?" అని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబుండేది కాదు. మనలో చాలామంది నోరు నొక్కేసే ప్రశ్న అదే. తక్కువేమీ లేని మనిషికి బాధపడే హక్కు లేదన్నట్టుంటుంది.

నా పుట్టిల్లు ఏలూరు. అన్నయ్య అక్కడే వన్‌టౌన్‌లో ఉండేవాడు. 2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరులో మనుషులు ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి రోడ్ల మీద పడిపోయారు, మీకు గుర్తుండే ఉంటుంది. ఆరు వందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. "నీళ్ళు కాచుకు తాగుతున్నాం, నువ్వు కంగారు పడకు" అని అన్నయ్య రోజూ ఫోన్ చేసేవాడు. ఆ గండం గడిచింది. ఐదు నెలలకి కరోనా రెండో అల వచ్చింది. 2021 మేలో అన్నయ్యని 108లో ఎక్కించారు. బండిలోంచే నాకు ఫోన్ చేశాడు. వెనకాల కూత వినిపిస్తూనే ఉంది. "ఏం లేదే, ఆయాసం అంతే. రేపు మాట్లాడతాను" అన్నాడు. ఆ తరవాత మేం మాట్లాడుకోలేదు. మొహం చూడనివ్వలేదు. పదో రోజున ఇంటిల్లిపాదీ కలిపి ఏడుగురం కూర్చుని భోజనం చేశాం. మా వంశంలో అంత తక్కువమందితో జరిగిన దినం అదొక్కటే.

అప్పుడు నేను పెద్దగా ఏడవలేదు. వదినని పట్టుకోవాలి, పిల్లల ఫీజులు చూడాలి, బ్యాంకు కాగితాలు చూడాలి. "నువ్వు గట్టిదానివి" అని అందరూ మెచ్చుకున్నారు. నేనూ నమ్మాను.

ఆగస్టు 16న బడులు తెరిచారు. ఆ నెలలోనే ఒకరోజు ఎనిమిదో తరగతికి నదుల పాఠం చెబుతూ బోర్డు మీద గోదావరి గీస్తున్నాను. మెయిన్ రోడ్డు మీంచి 108 కూత వినబడింది. చేతిలో సుద్దముక్క విరిగింది. ఊపిరి అందలేదు, కళ్ళు బైర్లు కమ్మాయి, గోడ పట్టుకుని నిలబడ్డాను. పిల్లలు నీళ్ళు తెచ్చారు. స్టాఫ్ రూములో ఒకరు బీపీ అన్నారు, ఒకరు షుగరు పడిపోయి ఉంటుందన్నారు. నీలం ఫైలు అలా మొదలైంది.

ఇంట్లో ఇంకో జబ్బు మొదలైంది. అబ్బాయికి రోజుకి ఆరేసిసార్లు ఫోన్. బయలుదేరావా, చేరావా, తిన్నావా, మళ్ళీ బయలుదేరావా. ఎత్తకపోతే వాడి రూమ్మేటుకి. వాడూ ఎత్తకపోతే వాట్సాప్‌లో ఆఖరిసారి ఎన్నింటికి కనబడ్డాడో చూసుకుంటూ కూర్చునేదాన్ని. ఓ రోజు వాడు నెమ్మదిగానే అన్నాడు: "అమ్మా, నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా రోడ్డు మీద బండి ఆపాలి. ఏదన్నా అయితే ఆ ఆపడంలోనే అవుతుంది." ఆ రాత్రంతా నిద్ర లేదు.

అత్తయ్యగారు ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచారు. గురవాయిగూడెం మద్ది ఆంజనేయస్వామికి మంగళవారాలు ప్రదక్షిణలు చేశాను. ద్వారకా తిరుమల వెళ్ళాను. వీటిని నేను తీసిపారెయ్యను. ప్రదక్షిణ చేసినంతసేపూ మనసు ఒక లెక్కలో నడిచేది, ఇంటికొచ్చాక కాస్త అన్నం సయించేది. కానీ తిరుగు ప్రయాణంలో ఆటోలో ఉండగా అంబులెన్సు ఎదురొస్తే మొదటికొచ్చేది.

2023 ఫిబ్రవరిలో ఏలూరులో ఒక గుండె డాక్టరుగారు ఫైలంతా తిరగేసి పక్కన పెట్టారు. "గుండె బాగుంది టీచర్ గారూ. ఈ మధ్య ఇంట్లో ఎవరన్నా పోయారా?" అని అడిగారు. కుర్చీలోనే ఏడ్చేశాను. ఏణ్ణర్ధంలో అంతమంది దగ్గరికి వెళితే ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయన. ఒక చీటీ మీద సైకాలజిస్టు అడ్రసు రాసిచ్చారు.

"సైకాలజిస్టా? మనింట్లో పిచ్చెవరికి?" అన్నారు మావారు. ఆయన గొంతులో కోపం లేదు, బెదురుంది. మర్నాడు పొద్దున్న ఆయనే బస్టాండు దాకా దిగబెట్టారు. ధర్మాజీగూడెం, విజయరాయి మీదుగా ఏలూరు దాదాపు యాభై కిలోమీటర్లు. బస్సులో తెలిసినావిడ "ఎక్కడికి టీచర్ గారూ?" అంటే "పళ్ళ డాక్టరు దగ్గరికి" అని చెప్పాను. పంటి పేరు చెప్పే ధైర్యం మనసు పేరు చెప్పడానికి లేకపోయింది.

ఆ గదిలో నేను భయపడినవేవీ లేవు. మంచం లేదు, స్టెతస్కోపు లేదు. ఎదురెదురుగా కాకుండా కాస్త వాలుగా వేసిన రెండు కుర్చీలు, ఒక మంచినీళ్ళ సీసా, గోడ గడియారం. ఆవిడకి ముప్పై, ముప్పై రెండుంటాయి. నా దగ్గర చదువుకుని వెళ్ళిన పిల్లల ఈడు. "డాక్టరమ్మా" అని మొదలుపెట్టబోతే ఆపారు. "నేను మందులు రాసే డాక్టర్ని కాదండీ."

ఈ తేడా చాలామందికి తెలియదు, నాకూ అప్పటిదాకా తెలియదు. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ చదివి, ఆపైన మానసిక వైద్యంలో ఎండీ చేసిన డాక్టరు. మందులు రాస్తారు. సైకాలజిస్టు మనస్తత్వశాస్త్రం చదివినవారు. అందులో క్లినికల్ సైకాలజిస్టు అంటే ఎం.ఏ. మీద ఆసుపత్రిలో రోగులతో పనిచేస్తూ రెండేళ్ళ ఎం.ఫిల్. చేసి, రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దగ్గర పేరు నమోదు చేసుకున్నవారు. ఆ కౌన్సిల్‌కి 1992లో చట్టం చేశారు. వీళ్ళు మాటతో, ప్రశ్నతో, అభ్యాసంతో పనిచేస్తారు. నిద్ర రోజుల తరబడి పూర్తిగా పోయినా, లేని గొంతులు వినబడుతున్నా, చచ్చిపోవాలన్న ఆలోచన వస్తున్నా మందులూ కావాలి, మాటా కావాలి. అప్పుడు మంచి సైకాలజిస్టు తానే సైకియాట్రిస్టు దగ్గరికి పంపిస్తారు. కౌన్సెలింగ్ అని బోర్డు పెట్టిన ప్రతి గదినీ నమ్మక్కర్లేదు. "మీ ఆర్‌సీఐ నంబరు ఎంతండీ?" అని అడగండి. చదువుకున్నవాళ్ళు నొచ్చుకోరు. ఒక్క సిట్టింగులో తీసేస్తానన్నా, తాయెత్తు కట్టినా, అందరి ముందూ మీ విషయం మాట్లాడినా లేచి వచ్చెయ్యండి.

మా మొదటి మాట రహస్యం గురించే. "మీరు చెప్పేది ఈ గది దాటదు. మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ప్రమాదమనిపిస్తే మాత్రం మీకు చెప్పి, ఇంట్లోవాళ్ళకి చెబుతాను" అన్నారు. తరవాత ఒక కాగితం ఇచ్చారు. జీఏడీ-7 అంటారట. ఏడే ప్రశ్నలు. గత రెండు వారాల్లో ఆదుర్దాగా ఎన్ని రోజులున్నారు, ఆలోచనలు ఆపుకోలేకపోయిన రోజులెన్ని, ఏదో ఘోరం జరుగుతుందని భయం వేసిందా, ఇలాంటివి. మొత్తం 21 మార్కులు. నాకు 14 వచ్చాయి. ముప్పై ఏళ్ళుగా పిల్లల పేపర్లు దిద్దినదాన్ని, ఈ పరీక్షలో ఎక్కువ వస్తే మంచిది కాదని అర్థమై గుండె జారింది. "పది దాటితే శ్రద్ధ పెట్టాలి, అంతే. జ్వరానికి థర్మామీటరు లాంటిది" అన్నారు.

"ఏమవుతుంది మీకు?" అంటే "భయం" అన్నాను.

"భయమా? దిగులా? బెంగా?"

నేను ఆగిపోయాను. తెలుగు మాట్లాడేవాళ్ళం కదా, ఎన్ని మాటలున్నాయి మనకి! దిగులు ఎందుకో తెలియకుండా మబ్బులా కమ్ముకునేది. గుబులు రాబోయేదాని గురించి. ఆదుర్దా కాలు నిలవనివ్వదు. బెంగ మటుకు మనిషి మీద. హాస్టల్లో వేసిన పిల్లలు అమ్మ మీద బెంగ పెట్టుకుంటారు, దూడ పోయిన ఆవు బెంగ పెట్టుకుంటుంది. ఇంట్లో ఈ మాటలన్నీ రోజూ వాడతాం, కానీ ఇది ఏది అని ఎవరూ అడగరు. మనం "అదోలా ఉంది" అనగానే ఎదుటివాళ్ళు "ఏం కాదులే" అనేస్తారు. ప్రేమ కొద్దీ అంటారు. ఆ ప్రేమే మన నోట్లో మాట నోట్లోనే ఉంచేస్తుంది.

అప్పుడు, ఆ కుర్చీలో, నాకు నేనే చెప్పుకున్నట్టుగా చెప్పాను: "అబ్బాయి గురించి గుబులండీ." ఆవిడ ఏమీ అనలేదు. గడియారం చప్పుడు వినబడేంతసేపు ఊరుకున్నారు. "కాదు. అన్నయ్య మీద బెంగ" అన్నాను.

నేను సైకాలజిస్టు దగ్గర పొందిందంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. మిగతాదంతా దాని మీద చేసిన పని. ఇది మావారు చెప్పించలేకపోయారా అంటే, చెప్పించలేరు. ఆయన నా ఏడుపు చూడలేరు, చూడగానే ఆపాలని చూస్తారు. వదినకి చెప్పుకుందామా అంటే ఆమె దుఃఖం ముందు నాదెంత. అత్తయ్యగారికి చెబితే ఆవిడ మంచం పడతారు. ఇంట్లోవాళ్ళంతా ఆ బాధలో వాటాదారులే. ఏ వాటా లేని మనిషి ఒకరు కావాలి, అదీ వినడం నేర్చుకున్న మనిషి.

పని ఎలా జరిగిందో చెబుతాను, ఎందుకంటే చాలామంది "డబ్బిచ్చి కబుర్లు చెప్పుకోవడం" అనుకుంటారు. మార్చి నుంచి ఆగస్టు దాకా పది సిట్టింగులు వెళ్ళాను, ఒక్కొక్కటి యాభై నిమిషాలు, నేను కట్టింది 600 రూపాయలు చొప్పున. ప్రతిసారీ హోంవర్కు ఉండేది. ఒక రూళ్ళ నోటుబుక్కులో మూడు గళ్ళు గీయించారు. మొదటి గడిలో ఏం జరిగింది, రెండో దాంట్లో ఏం అనుకున్నాను, మూడో దాంట్లో అది నిజమనడానికి, కాదనడానికి రుజువులేంటి. "అబ్బాయి ఫోన్ ఎత్తలేదు. యాక్సిడెంటయింది. రుజువు: లేదు. ఇదివరకు ఎత్తనిది ఎన్నిసార్లు: లెక్కలేనన్ని. అప్పుడేమైంది: మీటింగు, స్నానం, నిద్ర." రాసి చూసుకుంటే నా బుర్ర నాకే సాక్ష్యం చెప్పేది. 1960ల్లో అమెరికాలో ఆరన్ బెక్ అనే సైకియాట్రిస్టు మొదలుపెట్టిన పద్ధతి ఇది. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అంటారు. మన ఆలోచన మారితే మన ఒళ్ళు పడే బాధ మారుతుందని దాని మూలం.

చింతకి ఒక వేళ పెట్టారు. సాయంత్రం ఐదున్నర నుంచి ఆరు. పగలు ఏ ఆలోచన వచ్చినా "ఐదున్నరకి రా" అని చీటీ మీద రాసి పక్కన పెట్టాలి. ఆ అరగంటలో చీటీలు ముందేసుకుని తీరిగ్గా చింతించాలి. మొదటి వారం అరగంటా చాలలేదు. నాలుగో వారానికి పది నిమిషాల్లో చీటీలైపోయి మల్లెమొక్కలకి నీళ్ళు పోసేదాన్ని. చింతలు పోలేదు, వాటికి హద్దు గీశాం. మా ఊరి పేరులో ఉన్నవి చింతచెట్లేనని మా అత్తయ్యగారు అంటుంటారు, ఆ చెట్టు కూడా నీడనిచ్చేది గట్టు మీద ఉన్నప్పుడే, నడింట్లో మొలిస్తే కాదు.

దడ ఎందుకొస్తుందో బొమ్మ వేసి చెప్పారు. ప్రమాదం అని మెదడు అనుకోగానే అడ్రినలిన్ రక్తంలోకి వస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి వేగమవుతుంది, రక్తం కాళ్ళూ చేతుల కండలకి పోతుంది. పాము కనబడితే పరుగెత్తడానికి ఒళ్ళు చేసుకునే సన్నాహం అది. పాము లేకుండానే సన్నాహం జరిగితే మనం గుండెపోటు అనుకుంటాం. ఊపిరి నాలుగు లెక్కపెట్టి పీల్చి, ఆరు లెక్కపెట్టి వదలడం నేర్పారు. వదిలేది పొడుగైతే గుండె నెమ్మదిస్తుంది.

అయిదో సిట్టింగు నుంచి 108 కూత వినిపించారు. ముందు ఫోన్లో, సన్నగా, పది సెకన్లు. తరవాత కాస్త గట్టిగా. తరవాత ఇంట్లో నేను ఒక్కదాన్నీ. ఆపైన బస్సు దిగి ఒక పెద్ద ఆసుపత్రి ఎదురుగా టీ కొట్టు దగ్గర పావుగంట నిలబడ్డాను. మొదటిసారి మావారు పక్కనే ఉన్నారు, ఒక్క మాట మాట్లాడకుండా, గ్లాసు పట్టుకుని. భయపడేదాని నుంచి పారిపోతే భయం పెరుగుతుంది, కొద్దికొద్దిగా దగ్గరికెళితే తగ్గుతుంది. చదవడానికి తేలిక. ఆ పావుగంటలో నా జాకెట్టు చెమటతో తడిసిపోయింది.

మధ్యలో ఒకసారి మానేశాను కూడా. మూడో సిట్టింగులో "అన్నయ్యకి ఉత్తరం రాయండి" అన్నారు. పోయిన మనిషికి ఉత్తరమేంటని కోపం వచ్చింది. ఆరు వందలిచ్చి ఏడవడానికి ఏలూరు దాకా పోవాలా అనిపించింది. మూడు వారాలు వెళ్ళలేదు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, మీకూ ఇలాంటి వారం వస్తుంది. పుండు కడిగినప్పుడు మండుతుంది. మానెయ్యకండి, వెళ్ళి ఆ కోపం కూడా వాళ్ళకే చెప్పండి. నేను చెబితే ఆవిడ "మంచిది, కోపం దేని మీద?" అన్నారు. ఆలోచిస్తే, రేపు మాట్లాడతానని మాట్లాడకుండా పోయిన అన్నయ్య మీద.

ఉత్తరం చివరికి మా దగ్గర నాగిరెడ్డిగూడెం తమ్మిలేరు రిజర్వాయరు గట్టు మీద కూర్చుని రాశాను. తమ్మిలేరు మా మెట్ట మీంచే దిగి, ఏలూరు పక్కగా పారి కొల్లేట్లో కలుస్తుంది. నా మెట్టినింటికీ పుట్టింటికీ ఒకటే ఏరు. చిన్నప్పుడు ఏలూరులో అన్నయ్య నన్ను భుజం మీద ఎక్కించుకుని దాని వరద చూపించేవాడు. బుడమేరు, రామిలేరు, తమ్మిలేరు అన్నీ కొల్లేట్లోకి వస్తాయి, కొల్లేటి నీళ్ళు సముద్రానికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటేనని, అది పూడుకుంటే లంకలు మునుగుతాయని నేను ఏటా పిల్లలకి పాఠం చెబుతాను. ఆ పాఠం ఆ రోజు గట్టు మీద నాకు గుర్తొచ్చింది. పదకొండు పేజీలు రాశాను. పంచమి చంద్రుడు వచ్చేదాకా అక్కడే ఉన్నాను.

మన తెలుగువాళ్ళకి మనసు సంగతి కొత్తది కాదు. ఏలూరులో పుట్టిన బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' రాసి ముప్పావు శతాబ్దం దాటింది. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' కూడా ఆ రోజుల్లోదే. మనోవైజ్ఞానిక నవలలని వాటిని పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1967లోనే కోనేరు రామకృష్ణారావు గారు మనస్తత్వశాస్త్ర విభాగాన్ని నెలకొల్పారు. ఇక మాలతీ చందూర్ గారు. ఇప్పుడు మా ఏలూరు జిల్లాలోకి వచ్చిన నూజివీడులో పుట్టారావిడ. ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' శీర్షికలో దాదాపు ఐదు దశాబ్దాలు ఆడవాళ్ళ ఉత్తరాలకి జవాబులు రాశారు. వంటలు అడిగారు, అల్లికలు అడిగారు, వాటి మధ్యనే మొగుడి మాట, అత్త మాట, పెళ్ళికాని కూతురి మాట అడిగారు. మా అమ్మ ఆ పేజీ ముందు చదివి తరవాతే పత్రిక నాన్నగారికి ఇచ్చేది. ఊళ్ళో ఎవరికీ చెప్పుకోలేనిది మద్రాసులో ఉన్న ముఖం తెలియని మనిషికి పోస్టులో చెప్పుకున్న తెలుగు ఆడవాళ్ళు వేలమంది ఉన్నారు. ఆవిడ సైకాలజిస్టు కారు. కానీ వాటా లేని మనిషి ఒకరు కావాలన్న అవసరం అప్పటిదే.

ఆ అవసరం ఎంతదో ఒక లెక్క చెబుతాను. 2015-16లో బెంగళూరు నిమ్‌హాన్స్ వాళ్ళు 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేశారు. మన రెండు తెలుగు రాష్ట్రాలూ అందులో లేవు. పెద్దవాళ్ళలో 10.6 శాతం మంది అప్పటికి ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని తేలింది. చికిత్స అందనివాళ్ళు, సమస్యని బట్టి, నూటికి 70 నుంచి 92 మంది. ఇల్లు కట్టుకోడానికి వాస్తు చూపించుకోని వాళ్ళు ఎంత తక్కువో, మనసు చూపించుకున్నవాళ్ళు అంత తక్కువ.

దూరం ఒక కారణం. జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు దగ్గరికి రావలసిన ఒక అమ్మాయి, ఆసుపత్రికి రావడానికి 15 డాలర్ల బస్సు ఛార్జీ లేక ఆగిపోయి, ప్రాణం తీసుకుంది. ఆ బాధతో ఆయన 2006లో హరారేలో 14 మంది అమ్మమ్మలకి శిక్షణ ఇచ్చి, ఆరోగ్య కేంద్రాల బయట చెట్ల కింద బెంచీల మీద కూర్చోబెట్టారు. బాధ ఉన్నవాళ్ళు వచ్చి ఆ బెంచీ మీద చెప్పుకుంటారు. అక్కడి షోనా భాషలో ఈ బాధకి 'కుఫుంగిసిసా' అంటారు. అంటే ఎక్కువ ఆలోచించడం. "ఊరికే ఆలోచనలండీ" అని మనం అనే మాటే. ఆ పద్ధతి పనిచేస్తోందని 2016లో పెద్ద వైద్య పత్రికలో పరిశోధన వచ్చింది. మన అరుగులు పోయాయి, అమ్మమ్మలు ఉన్నారు. ఆశా కార్యకర్తలున్నారు, వెల్‌నెస్ సెంటర్లున్నాయి. మండలానికి ఇద్దరికి ఈ శిక్షణ ఇవ్వడం మనకి చేతకాని పని కాదు. మన పక్కన, తెలుగువాళ్ళు ఎందరో ఉన్న బళ్ళారి జిల్లాలోనే 1985 నుంచి 1990 దాకా నిమ్‌హాన్స్ వాళ్ళు పల్లె ఆరోగ్య సిబ్బందికి మానసిక వైద్యం నేర్పి చూపించారు. ఆ నమూనా మీదే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. దారి వేసి ఉంది, నడిపించాలి.

అందాకా ఉన్నవి వాడుకోవాలి. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టుకి డబ్బు అక్కర్లేదు కాబట్టి ఏలూరు ప్రయాణం ఛార్జీకి ఆగక్కర్లేదు. 2017 మానసిక ఆరోగ్య రక్షణ చట్టం ప్రకారం మీ సంగతి గోప్యంగా ఉంచడం మీ హక్కు, ఒంటి జబ్బుకి ఇచ్చినట్టే మనసు జబ్బుకీ బీమా ఇవ్వాలి. ప్రాణం తీసుకోబోయినవాళ్ళని నేరస్థులుగా కాక తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాళ్ళుగా చూడాలని కూడా ఆ చట్టమే చెప్పింది. ఏదీ కుదరకపోతే ఫోన్ ఉంది. 2022 అక్టోబరు 10న కేంద్రం టెలీ మానస్ మొదలుపెట్టింది. నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. ముందు శిక్షణ పొందిన కౌన్సెలర్ వింటారు, అవసరమైతే పై నిపుణులకి కలుపుతారు.

క్రితం ఏడు మా ఏడో తరగతిలో ఒక పిల్లాడికి ప్రతి సోమవారం కడుపునొప్పి వచ్చేది. ఆర్‌ఎంపీ మందిచ్చాడు, తగ్గలేదు. బడి ఎగ్గొట్టడానికి వేషాలన్నారు. నేను పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను: "నొప్పా నాన్నా, భయమా, బెంగా?" చాలాసేపటికి "బెంగ టీచర్" అన్నాడు. వాళ్ళమ్మ ఇళ్ళలో పనికి కువైట్ వెళ్ళి అప్పటికి ఎనిమిది నెలలు. ఆదివారం రాత్రి ఆమె వీడియో కాల్ చేస్తుంది. సోమవారం పొద్దున్న వీడికి నొప్పి. వాళ్ళ అమ్మమ్మని బడికి పిలిపించి, ముగ్గురం స్టాఫ్ రూములో కూర్చుని 14416కి చేశాం. అవతల అమ్మాయి ముప్పావుగంట ఓపిగ్గా మాట్లాడింది, పిల్లాడితో వేరుగా, అమ్మమ్మతో వేరుగా. ఆ తరవాత మరో మూడుసార్లు చేశాం. ఇప్పుడు వాడు ఆదివారం కాల్ అయ్యాక అమ్మకి చెప్పాల్సినవి వారమంతా నోటుబుక్కులో రాసుకుంటాడు. నొప్పి పూర్తిగా పోలేదు. బడికి మాత్రం వస్తున్నాడు.

2023 ఆగస్టులో నా ఆఖరి సిట్టింగుకి అదే ఏడు ప్రశ్నల కాగితం మళ్ళీ నింపితే 5 వచ్చాయి. అబ్బాయికి రాత్రి తొమ్మిదింటికి ఒక్క ఫోన్. అన్నయ్య సంవత్సరీకం రోజున వదినా నేనూ కూర్చుని తనివితీరా ఏడ్చి, తరవాత వాడి చిన్నప్పటి అల్లరి చెప్పుకుని నవ్వుకున్నాం. 108 కూత వినబడితే ఇప్పటికీ చేతిలో పని ఆగుతుంది. ఒక ఊపిరి తీసుకుని, లోపలున్నవాళ్ళు బాగుండాలనుకుని, మళ్ళీ బోర్డు వైపు తిరుగుతాను.

అప్పట్లో ఏలూరు ఎక్కడికి వెళ్ళేదాన్నని బస్సులో ఎవరన్నా అడిగితే ఇప్పుడు ఉన్నమాటే చెబుతున్నాను. చెప్పిన ప్రతిసారీ, దిగేలోపు, ఎవరో ఒకరు పక్కకొచ్చి ఆ అడ్రసు అడుగుతున్నారు. మా స్టాఫ్ రూము బోర్డు మీద, హెడ్మాస్టరుగారి నంబరు కింద, 14416 పెయింటుతో రాయించాం. మీరు కూడా మీ ఇంట్లో క్యాలెండరు మీద, గ్యాసు నంబరు పక్కన రాసి పెట్టండి.